పోతానంటే సరే అన్నందుకు

సమాజమంతా నా చొక్కా జేబులో ఉందని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. ఎం.ఏ. సోషియాలజీ పూర్తయి, కొత్త చెప్పులు కొనుక్కుని, హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరరుగా చేరిన రోజులవి. అప్పట్లో నాకు తెలియని సంగతి లేదు. బస్సులో ఇద్దరు సీటు కోసం కొట్లాడుకుంటే మిగతా జనం విడిపించేవాళ్లు, నేను మాత్రం 'సంఘర్షణ' అనుకుని తల ఊపేవాణ్ని. పెళ్లి పంక్తిలో అందరూ పప్పు గురించి, నెయ్యి గురించి మాట్లాడుకుంటుంటే నేను బంధుత్వ వ్యవస్థ గురించి ఆలోచించేవాణ్ని (ఆలోచన తెగేసరికి నెయ్యి పక్క వరుసకు వెళ్లిపోయేది, అది వేరే సంగతి). రఘునాథపల్లి దగ్గర మా ఊళ్లో ఎవరైనా మా అమ్మను "నీ కొడుకు కాలేజీల ఏం చెప్తడు?" అని అడిగితే, "మనుషులు ఎట్లుంటరో చెప్తడట" అనేది. "గది చెప్పినందుకు జీతం ఇస్తరా?" అని వాళ్లు నోరు తెరిస్తే, "ఇస్తరట. ఇయ్యాలె మల్ల" అని కొంగు దులుపుకుని లేచేది. నా చదువు మీద ఆమెకు ఉన్నంత నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదు.

మా కాలేజీ ఒక బట్టల షోరూం పైన ఉండేది. కింద చీరలు, పైన చదువులు. సోషియాలజీని ఆ ఏడాదే కొత్తగా పెట్టారు. ప్రిన్సిపాలుకు పిల్లలు పెట్టిన పేరు బెల్లు సారు. అటెండరు ఉన్నా సరే, గోడ గడియారం చూసుకుంటూ గంట తానే కొట్టేవాడాయన. చేరిన మొదటి రోజే నన్ను పిలిచి, "చూడు తమ్మీ, గీ సబ్జెక్టు ఈ ఒక్క ఏడాది చూస్తం. పిల్లలు, వాళ్ల అవ్వనాయినలు ఖుషీగ ఉంటే ఉంచుతం. ఒక్క కంప్లయింటు అచ్చిందనుకో, తీసేస్తం. దాంతోటి..." అని వాక్యం పూర్తి చేయకుండా నన్ను ఒకసారి, గుమ్మాన్ని ఒకసారి చూశాడు. నాకు అర్థమైంది. ఆ రోజుల్లో సోషియాలజీ చదివినవాడికి మా ఊరి చుట్టుపక్కల ఎవరూ పిలిచి ఉద్యోగం ఇచ్చేది లేదు. ఈ ఉద్యోగం పోతే నేరుగా పత్తి చేనులోకే వెళ్లాలి. మా నాయన మంచి మనిషి, నన్నేమీ అనలేదు కానీ, ముందు జాగ్రత్తగా నా ఎత్తుకు సరిపడే పార ఒకటి చూసిపెట్టాడు. ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ పార గోడకు ఆనుకుని నన్నే చూస్తూ ఉండేది.

ఇక నా విద్యార్థులు. వాళ్లు సోషియాలజీని ఎంచుకున్నారనడం కంటే, మిగతావన్నీ వాళ్లను వదిలేశాయనడం సబబు. లెక్కలు ఉండవని కొందరు చేరారు, ల్యాబు ఉండదని కొందరు, స్నేహితురాలు చేరిందని ఒకమ్మాయి. వరంగల్ బజారులో బట్టల దుకాణం వాళ్లబ్బాయి ఒకడు, మధ్యాహ్నానికల్లా క్లాసులు అయిపోతాయి, వెళ్లి గల్లా మీద కూర్చోవచ్చని చేరాడు. వాడు ఆఖరి బెంచీలో నిద్రపోతూ కూడా అవునన్నట్టు తల ఊపగలిగేవాడు. వీళ్లందరికీ భిన్నంగా ముందు బెంచీలో ఒక పిల్ల ఉండేది. నేను చెప్పిన ప్రతి మాటా రాసుకునేది. నేను దగ్గితే అదీ రాసుకుంటుందేమోనని అప్పుడప్పుడు భయమేసేది. వాళ్ల నాయనకు హనుమకొండలో స్టీలు సామాన్ల దుకాణం. కిరాయి ఇంట్లో ఉంటూ మడికొండలో సొంతిల్లు కట్టుకుంటున్నారు. ఈ కథలో చెడూ, మంచీ అంతా ఆ పిల్ల వల్లే జరిగింది.

మొదటి పాఠాల్లోనే ఆచారాలు, మర్యాదలు వస్తాయి. ఎవరూ రాసి పెట్టకపోయినా, పోలీసులు పట్టుకోకపోయినా, సమాజంలో అందరూ పాటించే చిన్న చిన్న పద్ధతులు. నేను నిర్వచనం చెప్పి రాయించాను. క్లాసులో సగం మంది ఆవులించారు, మిగతా సగం ఆవులింత ఆపుకున్నారు. అప్పుడు ముందు బెంచీ పిల్ల లేచి, "సార్, ఎవ్వరు చెప్పకుండనే అందరు పాటిస్తరంటున్నరు గదా, మరి అది ఉన్నదని మనకెట్ల తెలుస్తది?" అంది. అప్పటిదాకా నన్ను ఎవరూ ప్రశ్న అడగలేదు, అందులోనూ ఇంత మంచి ప్రశ్న. నాకు ఒంట్లోకి ఏదో వచ్చినట్టయింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని (ఇది సినిమాల్లో లాయర్లను చూసి నేర్చుకున్నది), "తప్పి చూస్తే తెలుస్తుంది!" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "ఈ వారం అందరూ ఇంట్లో ఒక చిన్న మర్యాద తప్పండి. చట్టం జోలికి పోవద్దు, నీతి జోలికి పోవద్దు. ఎవరికీ నష్టం లేని చిన్న అలవాటు ఒక్కటి తప్పండి, ఏం జరిగిందో వచ్చి చెప్పండి" అన్నాను. ఆఖరి బెంచీ అబ్బాయి కళ్లు తెరిచాడు. ఆ వేళ క్లాసులోంచి బయటికి వస్తుంటే కింద షోరూంలోని బొమ్మలు కూడా నాకు నమస్కారం పెడుతున్నట్టే అనిపించింది. ఇప్పటికీ చెప్తున్నాను, అది మంచి హోంవర్కు. దాన్ని తప్పు పట్టేవాళ్లు నాతో కూర్చుని మాట్లాడవచ్చు.

సోమవారం ఫలితాలు వచ్చాయి. ముందుగా ఆఖరి బెంచీ అబ్బాయి తనంతట తానే లేచాడు. ఎడమ చెంప కొంచెం ఎర్రగా ఉంది. "సార్, పొద్దున్నే దుకాణం తెరిచినం. మా బాపు అగర్‌బత్తీ ముట్టిస్తాండు. ఫస్టు గిరాకీ అచ్చిండు. చీర చూసి, ధర అడిగి, సగానికి ఇస్తవా అన్నడు. ఎప్పుడైనా మనం రాదు అనాలె, ఆయన లేచి పోతున్నట్టు చెయ్యాలె, మనం మల్ల పిలవాలె గదా సార్. నేను అట్ల చెయ్యలే. సరే తీస్కో అన్న." "మంచిది. తర్వాత?" అన్నాను. "ఆయన చీరను అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, ఎలుగుకు పెట్టి చూసిండు. ఏదో మతలబున్నదని అక్కడ్నే పెట్టి పోయిండు సార్. నెక్స్టు దుకాణంల ఎక్కువ పెట్టి కొనుక్కున్నడు. మా బాపుకు బోణీ పాయె, నాకు చెంప పాయె." క్లాసంతా పగలబడి నవ్వింది. బేరమాడకుండా ఇస్తే మనిషికి వస్తువు మీద నమ్మకం పోతుందని ఆ రోజు ఎంత చక్కగా తేలిందో! నేను ఆనందంతో బోర్డు మీద రాయబోతున్నాను. ముందు బెంచీ ఖాళీగా ఉందని అప్పుడు గమనించాను. అంతలో అటెండరు వచ్చి, బెల్లు సారు రమ్మంటున్నారని చెప్పాడు. (ఆ అబ్బాయి పేరు ఆ రోజుతో బోణీ అయిపోయింది. ఈ మధ్య వాడి పెళ్లి కార్డు మీద అసలు పేరు చూసి ఎవరిదో అనుకున్నాను.)

ప్రిన్సిపాలు గదిలో ముందు బెంచీ పిల్ల తలొంచుకుని నిలబడి ఉంది. పక్కన వాళ్ల నాయన. దుకాణంలోంచి అట్లాగే లేచి వచ్చినట్టున్నాడు, చేతిలో స్టీలు గరిటె ఒకటి అలాగే ఉంది. నన్ను చూడగానే, "మీరేనా సారు? మా అక్క మీద ప్రయోగం చేయించింది మీరేనా?" అన్నాడు.

జరిగింది ఇది. ఆయన అక్కది పరకాల. మా ముందు బెంచీ పిల్లకు మేనత్త. శుక్రవారం పొద్దున కొత్తింట్లోకి వెళ్లాలని ముహూర్తం పెట్టుకున్నారు. ఆ ఇంటి ఆడబిడ్డగా పాలు పొంగించాల్సింది ఆమే. ఆ సంగతులు మాట్లాడటానికి ఆదివారం వచ్చింది, తిన్నది, మాట్లాడింది, చివరకు "ఇగ పోత" అన్నది. మా దగ్గర చుట్టం 'ఇగ పోత' అన్నాడంటే పోతున్నాడని కాదు, పోవడం మొదలుపెడుతున్నాడని. ఆ మాటకు ఇంటివాళ్లు "అప్పుడేనా? జర సేపు ఉండరాదు?" అనాలి. చుట్టం కూర్చోవాలి. మళ్లీ లేవాలి. గుమ్మం దగ్గర ఇంకోసారి ఆపాలి. గేటు దగ్గర నిలబడి అసలు సంగతులన్నీ మాట్లాడుకోవాలి (లోపల కూర్చుని మాట్లాడినవన్నీ ఉత్త మాటలే, సంబంధాలు, భూములు, ఆపరేషన్లు అన్నీ గేటు దగ్గరే తేలుతాయి). ఆ సమయంలో పిల్ల తల్లి వంటింట్లో వదినగారికి పచ్చడి సీసా కడుతోంది, తండ్రి స్నానానికి వెళ్లాడు. మేనత్త "ఇగ పోత" అనగానే మా పిల్ల నా హోంవర్కు గుర్తు తెచ్చుకుని, "మంచిదత్తా" అన్నది. అని ఊరుకుంటే ఏమయ్యేదో. లేచి వెళ్లి అత్త చెప్పులు తెచ్చి, ముక్కులు బయటి వైపు తిప్పి ఆమె కాళ్ల ముందు పెట్టి, గేటు బార్లా తెరిచి పట్టుకుని నిలబడింది.

ఆమె కాసేపు ఆ చెప్పుల వైపు చూసిందట. తర్వాత వాటిలో కాళ్లు పెట్టి, పచ్చడి కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. మామూలుగా ఆ వీధిలో ఎంతసేపు నిలబడినా ఆటో దొరకదు. ఆ రోజు మాత్రం గేటు ముందుకే వచ్చి ఆగింది. సాయంత్రం ఆమె తమ్ముడికి ఫోను చేసి, "నా చెప్పులు నాకు అందిచ్చే ఇంటికి నేనెందుకస్త తమ్మీ? నీ ఇల్లు నీకు సల్లగుండనియ్యి" అని పెట్టేసింది. పిల్ల ఏడుస్తూ మళ్లీ ఫోను చేసి, అది నిజం కాదత్తా, కాలేజీలో చెప్పిన ప్రయోగం అని వివరించిందట. దాంతో ఇంకా మండింది. "నా మీదనా ప్రయోగం? నేనేమన్న కుందేలునా?" అని ఈసారి ఫోను ఆఫే చేసుకుంది.

"మా అక్క పాలు పొంగియ్యకుంటే నేను ఆ ఇంట్ల అడుగు పెట్ట సారూ. కిరాయి ఇంట్లనే సచ్చిపోత" అన్నాడు ఆ తండ్రి గరిటె ఊపుతూ. తల్లి పోయాక ఆ అక్కే తనను పెంచిందట. పిల్ల ఏడుస్తోంది. బెల్లు సారు గడియారం చూసి నా వైపు తిరిగాడు. "శుక్రవారం పొద్దున ఆ అమ్మ చేతుల మీదికెల్లి పాలు పొంగాలె. నేనే అచ్చి చూస్త. పొంగకపాయెనా, సోమవారం నుంచి నీ పీరియడ్ల కంప్యూటర్ క్లాసు" అన్నాడు. కళ్లముందు పార మెదిలింది. అయినా ధైర్యం చెడలేదు. నేను సోషియాలజీ చదివిన మనిషిని. ఒక మేనత్తను ఒప్పించలేనా?

"నేను మాట్లాడతాను సార్" అన్నాను.

మర్నాడు తండ్రీ, కూతురూ, నేనూ పరకాల బస్సెక్కాం. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. తేలిక మాటల్లో నిర్వచనం, ఒకటి రెండు ఉదాహరణలు, చివర్లో క్షమాపణ. పరకాలలో దిగగానే తండ్రి కాళ్లు బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లోకి తిరిగాయి. "మీరు పోయి మాట్లాడుండ్రి సారూ. ఆమె సల్లబడ్డంక ఫోన్ చెయ్యిండ్రి, నేనస్త" అని బెంచీ మీద కూర్చున్నాడు. అప్పుడైనా నాకు ఆమె ఎలాంటి మనిషో అనుమానం రావాల్సింది.

మేనత్త వరండాలో కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. మమ్మల్ని చూసి, "రాండ్రి" అన్నది (ఎంత కోపమున్నా ఆ మాట అనకుండా ఉండటం మా దగ్గర ఎవరి వల్లా కాదు). మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, మళ్లీ చాట పట్టుకుంది. మేనకోడలి వైపు చూడలేదు. పిల్ల నా వెనకాల దాక్కుంది. నేను చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. సమాజం అంటే ఏమిటో చెప్పాను. మర్యాద అంటే ఏమిటో చెప్పాను. అది కంటికి కనబడదు కాబట్టి తప్పి చూడాల్సి వచ్చిందన్నాను. మీ కోపమే మా పాఠానికి రుజువు అని కూడా అన్నాను (ఈ వాక్యం బస్సులో చాలా బాగా అనిపించింది). క్షమించి శుక్రవారం రావాలని ముగించాను. ఆమె అంతసేపూ చెరుగుతూనే ఉంది. పొట్టు గాలికి వచ్చి నా చొక్కా మీద పడుతోంది.

"అయిపోయిందా?" అన్నది.

"అయిందమ్మా."

"నేను రాను."

ఇప్పుడు నా పరిస్థితి మీరు అర్థం చేసుకోవాలి. ఎం.ఏ.లో మాకు సర్వేలు చేయడం నేర్పేటప్పుడు మా ప్రొఫెసరు ఒక మాట పదే పదే చెప్పేవాడు. ఎదుటి మనిషి వద్దంటే బలవంతం చేయకూడదు, ఆ మనిషి నిర్ణయాన్ని గౌరవించి, కృతజ్ఞత చెప్పి, మర్యాదగా వచ్చేయాలి. ఆ మాట నాలో ఎంతగా ఇంకిపోయిందంటే, ఉద్యోగం, పార, పాలు అన్నీ ఒక్కసారిగా మరచిపోయాను. చేతులు జోడించి, "మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నానమ్మా. మీ విలువైన సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు" అని లేచి, వెళ్లి ఒక చెప్పు తొడుక్కున్నాను.

చాట ఆగిపోయింది.

"ఓ సారూ! ఏడికి?" అన్నది.

"మీరు రానన్నారు కదమ్మా."

"అన్న. అంటే?"

"అంటే... వెళ్లొస్తానమ్మా మరి."

ఆమె చాట కింద పెట్టింది. నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "అరెరె! మా తమ్ముని ఇంటి పాలకు పిలువ అచ్చినోనివి, ఒక్కమాట రాననంగనే చెప్పులేసుకుంటవా? ఇంకోసారి అడగవా? బతిమిలాడవా? నేను ఇంక గులుగుడే మొదలువెట్టలే, నువ్వు లేచి పోతున్నవు! నేను నిన్నటిసంది ఏమేం అనాల్నో అనుకుని కూసున్న, అవన్ని ఎవరికి చెప్పాలె?" అన్నది. వెనకనుంచి పిల్ల, "సార్, కూసోండి సార్... మీ కాళ్లు మొక్కుత, కూసోండి" అని గొణిగింది. నేను ఒక కాలికి చెప్పుతోనే వచ్చి చాప మీద కూలబడ్డాను.

మేనత్త అప్పుడు మొదటిసారి మేనకోడలి వైపు తిరిగింది. "ఓ పిల్లా, గీయిన దగ్గర్నేనా నువ్వు చదువుకునేది?"

"అవునత్తా."

"గందుకే" అన్నది ఆమె. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక గోడకు ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఇటు రా బిడ్డా. నీ తప్పేం లేదు. నీకు చెప్పే సారే గిట్లున్నడు, నువ్వేం చేస్తవు పాపం" అని పిల్లను దగ్గరకు లాక్కుంది. పిల్ల ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. నేను చొక్కా మీద పొట్టు దులుపుకుంటూ ఉండిపోయాను. నా పాఠానికి కరగని మనిషి నా తెలివితక్కువతనానికి కరిగింది. ఫలితం ముఖ్యం కాబట్టి నేనేమీ అభ్యంతరం చెప్పలేదు.

అయితే పిల్లను క్షమించడం వేరు, శుక్రవారం రావడం వేరు. దానికి జరగాల్సిన తంతు జరగాలి. ఫోను అందుకుని తండ్రి పరుగున వచ్చాడు. ఆయన బతిమిలాడాడు, ఆమె రానన్నది. చిన్నప్పుడు ఆయనకు జ్వరమొస్తే భుజాన వేసుకుని దవాఖానకు నడిచిన సంగతి ఆమె ఎత్తింది, ఆయన తలొంచుకున్నాడు. మళ్లీ బతిమిలాడాడు, మళ్లీ రానన్నది. ఈసారి నేను కదల్లేదు. నేనూ బతిమిలాడాను, ముందటికంటే కొంచెం బాగానే. చాయ్ వచ్చింది, వద్దన్నాం, తాగాం. గ్లాసులు తీస్తూ ఆమె ఉన్నట్టుండి, "పాలు దేంట్ల పొంగిస్తరు?" అన్నది. "స్టీలు గిన్నెలనే అక్కా, కొత్తది, మన దుకాణంలదే" అన్నాడు తమ్ముడు. "స్టీలేందిరా? అవ్వ ఇత్తడి గిన్నె నా దగ్గరున్నది. నేను తెస్తగాని" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. తల్లి గిన్నె మాట వినగానే తమ్ముడు మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. వస్తానని ఆమె అనలేదు, ఎవరూ అడగనూ లేదు. నాకే మళ్లీ అనుమానం వచ్చి, "అయితే వస్తున్నట్టేనా?" అని అడగబోతే, పిల్ల నా చెయ్యి గట్టిగా గిల్లింది.

శుక్రవారం మడికొండ కొత్తింట్లో ఇత్తడి గిన్నెలో పాలు పొంగాయి. పొంగి పొయ్యి మీదుగా కిందికి కారుతుంటే మేనత్త మేనకోడలి చేత గుప్పెడు బియ్యం వేయించింది. అన్నట్టే బెల్లు సారు వచ్చి, గుమ్మం పక్కన నిలబడి, పాలను తనిఖీ చేసినట్టు చూశాడు. భోజనం చేసి, గడియారం చూసుకుని, "ఇగ పోతం" అన్నాడు పాపం, నిజంగానే పోదామనుకుని. మేనత్త ఊరుకుంటుందా? "అప్పుడేనా సారూ? ఇప్పుడే గదా అచ్చిండ్రు" అని కూర్చోబెట్టింది. లేస్తే లడ్డూ, లేస్తే చాయ్, గుమ్మం దగ్గర తాంబూలం, గేటు దగ్గర ఆయన బీపీ గురించి సలహాలు. ఆయనను అలా ఎవరూ ఎన్నడూ ఆపి ఉండరు. ఆయన మొహంలో అంత మెత్తదనం నేను అంతకుముందు చూడలేదు. ఆ మధ్యాహ్నం మా కాలేజీలో గంట కొట్టేవాడు లేక, ఇంగ్లీషు క్లాసు సాయంత్రం దాకా సాగిందట. సోషియాలజీ మళ్లీ తీసేస్తామన్న మాట ఆయన నోట రాలేదు. మా నాయన ఆ పారను పాలేరుకిచ్చాడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నేను ఇప్పటికీ అదే కాలేజీలో అదే పాఠం చెప్తున్నాను. కింద షోరూం మారింది, పైన నేను మారలేదు. ప్రతి ఏడాది అదే హోంవర్కు ఇస్తాను, ఒకట్రెండు గొడవలు జరుగుతాయి, వెళ్లి సర్దుతాను. ఈ ఏడాది కూడా ఇచ్చాను. సోమవారం నాడు ఒకబ్బాయి లేచి, "చేసిన సార్. మా చిన్నమ్మోళ్లు ఇగ పోతమన్నరు. సరే అన్న. పోయిండ్రు" అన్నాడు. "తర్వాత?" అన్నాను ఆశగా. "తర్వాతేముంది సార్? ఇంటికి పోయినంక చిన్నమ్మ థాంక్స్ అని మెసేజ్ పెట్టింది." ఇంకో అమ్మాయి, "వాళ్లు పోతమనకముందే క్యాబ్ బుక్ చేసుకున్నరు సార్. గేటు కాడ హారన్ కొడుతుంటే ఎట్ల ఆపుతం?" అన్నది. ఎవరి చెంపా ఎర్రబడలేదు, ఎవరి తండ్రీ గరిటెతో రాలేదు. మర్యాదలు కాలంతో మారతాయని మూడో పాఠంలో నేనే చెప్తాను, అందులో వింతేమీ లేదు. కానీ ఆ రోజు స్టాఫ్ రూంలో "ఇక వెళ్తానండీ" అంటే పక్క సీటాయన ఫోనులోంచి తలెత్తకుండానే "ఓకే సార్" అన్నాడు. గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగి చూసి, వచ్చేశాను.

ఆదివారం పరకాల వెళ్లాను. ఆ పాలు పొంగిన నాటినుంచి ఆమె నాకూ అత్తే. మేనకోడలు మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తోంది, ఉద్యోగం వదిలి పోతామనేవాళ్లతో కూర్చుని మాట్లాడే ఉద్యోగం. "నేను ఎవరికీ ఒక్కసారికే సరే అనను సార్" అని నాతో చెప్తుంటుంది. అత్త అదే వరండాలో ఉంది. జుట్టంతా నెరిసింది, నోరు మాత్రం అలాగే ఉంది. ఈ ఏడాది హోంవర్కు ఏమైందో చెప్పాను. శ్రద్ధగా విన్నది. తిన్నాం, ఊరి సంగతులన్నీ మాట్లాడుకున్నాం. ఎండ తగ్గాక నేను లేచి, "ఇగ పోత అత్తా" అన్నాను.

"మంచిది సారూ" అన్నది.

నేను ఆగాను. ఆమె లేచి, మెల్లగా వెళ్లి, నా చెప్పులు ముక్కులు బయటి వైపు తిప్పి నా కాళ్ల ముందుకు జరిపింది. ఇన్నేళ్లుగా ఎంతమంది పిల్లలకు ఈ పాఠం చెప్పానో, ఒక్కసారి కూడా ఇది నా దాకా రాలేదు. నేనేం తప్పు చేశాను? ఎక్కువసేపు కూర్చున్నానా? రావడమే ఎక్కువైందా? తలొంచుకుని, ఒక కాలు చెప్పులో పెట్టాను.

అప్పుడు వినిపించింది వెనకాల, కొంగు అడ్డం పెట్టుకున్న ఆ నవ్వు.

"ఎట్లున్నది సారూ?" అన్నది.

"చాలా బాధగా ఉందత్తా" అన్నాను. నిజంగానే ఉంది.

"ఉండాలె మల్ల" అని నవ్వుకుంటూ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను ఒక కాలికి చెప్పుతోనే వచ్చి, వెనకటికి ఒక కుర్ర లెక్చరరు కూలబడిన చోటే కూర్చున్నాను. వాడు ఇప్పుడు పక్కనే ఉంటే భుజం తట్టేవాణ్ని, హోంవర్కు మంచిదేరా అని చెప్పేవాణ్ని. చాయ్ తాగాక మళ్లీ పోతానన్నాను. ఈసారి అత్త ఆపింది, నేను హాయిగా ఆగిపోయాను.